ఫోన్ మోగని పదకొండు నిమిషాలు

మా కంట్రోల్ రూమ్‌లో ఒక నియమం ఉంది. అంబులెన్స్ గేటు దాటిన నిమిషంలోపు, అది వెళ్తున్న చిరునామాకి మనిషి గొంతుతో ఒక ఫోన్ వెళ్లాలి. దాన్ని మేం తిరుగు ఫోన్ అంటాం. "మేం పిలవలేదే" అని అవతలివాళ్లు అంటే బండిని దారిలోనే వెనక్కి తిప్పుతాం.

ఆ నియమం పెట్టించింది నేనే. తొమ్మిదేళ్ల క్రితం ఒక ఆకతాయి గొంతు మార్చి ఏడ్చాడు, నేను నమ్మాను. ఆ పూట మిగిలి ఉన్న ఒక్క బండీ వెళ్లి ఊరవతల తాళం వేసిన గోడౌన్ ముందు నిలబడింది. అదే సమయంలో ఊరి ఈ కొసన ఒక బాలింత మాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఐదోసారి ఆమె తమ్ముడు చేశాడు, ఇక బండి అక్కర్లేదని చెప్పడానికి. ఆ కుర్రవాడి గొంతు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఆ తర్వాత నేను చాలా విషయాల్లో మెత్తబడ్డాను గానీ, తిరుగు ఫోన్ విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు.

నాలుగేళ్ల క్రితం మాకు మొదటి యంత్రం వచ్చింది. పెట్టెకి పేరేదో ఉండేది. నా కింద పనిచేసే కుర్రాడు మొదటి వారంలోనే దానికి 'బావ' అని పేరు పెట్టేశాడు. ఈ కుర్రాణ్ణి మేమంతా రేడియో అంటాం, వాడి నోరు మూతపడటం ఎవరూ చూడలేదు గనక. రేడియో నన్ను అక్కా అంటాడు, యంత్రాన్ని బావా అంటాడు. ఈ వరస విన్న దగ్గర్నుంచి మా ఆయన, నేను ఇంటికి రాగానే, "ఆఫీసులో మీ ఆయన కులాసాయేనా?" అని అడగడం మొదలుపెట్టాడు.

బావ నిజంగా మనిషి లాంటివాడే. ఫోన్ ఎత్తి, భయపడ్డవాళ్లని ఊరడించి, వెనకాల వినపడే స్కూలు గంటని బట్టి వీధి కనుక్కునేవాడు. తప్పులూ చేసేవాడు. ఒకసారి ఒకే పేరున్న రెండు వీధుల్లో రెండోదానికి బండి పంపి, అడక్కముందే తప్పు ఒప్పుకుని, ఆ తర్వాత రెండ్రోజులపాటు ప్రతివాళ్లనీ చిరునామా రెండేసిసార్లు అడిగి విసిగించాడు. ఏ బండి ముందు వెళ్లాలన్న దానిమీద మా ఇద్దరికీ రోజూ వాదనే. పదిలో ఆరుసార్లు వాడు నెగ్గేవాడు, నాలుగుసార్లు నేను. ఓడినప్పుడు ఎందుకు ఓడాడో వాడికీ తెలిసేది, నాకూ తెలిసేది. నాకు కావలసింది అదే.

ఆరు నెలల క్రితం రెండోది వచ్చింది.

దానికి గొంతు లేదు. నా బల్లమీది స్క్రీన్ పైభాగంలో ఒక వరస మాత్రం వెలుగుతుంది: బండి నంబరు, చిరునామా, సమయం. అంతే. దాన్ని అమర్చడానికి వచ్చిన ఇంజనీరుని రేడియో వదల్లేదు. బావకీ దీనికీ తేడా ఏమిటి, ఇది ఇంకాస్త స్పీడా అని అడిగాడు. ఆ ఇంజనీరు టీ కప్పు పట్టుకుని కాసేపు కిటికీలోంచి చూశాడు.

"స్పీడే అయితే బాగుండేది" అన్నాడు.

మొదటి రోజు ఉదయం మూడో నంబరు బండిని ఒక బేకరీకి పంపింది. ఫోన్ ఎవరూ చేయలేదు. నేను తిరుగు ఫోన్ చేస్తే బేకరీ అతను మేం పిలవలేదన్నాడు, కాస్త కసురుకున్నాడు కూడా. నేను వెనక్కి తిప్పమనేలోపే బండి వెళ్లి గుమ్మం ముందు ఆగింది. నాలుగు నిమిషాల తర్వాత అదే మనిషి పొయ్యి దగ్గర కుప్పకూలాడు. డ్రైవర్ స్ట్రెచర్ దించడానికి కూడా తడబడ్డాడట. బతికాడు ఆ బేకరీ అతను. ఆ వారంలో మరో నలభైమంది అలాగే బతికారు.

రేడియో దానికి 'పెద్దాయన' అని పేరు పెట్టాడు. దానిమీద మాత్రం జోకులు వేయలేదు.

తిరుగు ఫోన్ సంగతి అప్పుడే తేలాల్సి వచ్చింది. ఎవరూ పిలవకుండా వెళ్లే బండి గురించి ఎవర్ని అడుగుతాం అన్నారు మా సూపరింటెండెంట్ గారు. నేను పట్టుబట్టాను. చివరికి సగం సగం ఒప్పుకున్నాం. వాళ్లు కాదన్నా బండిని వెనక్కి తిప్పం, కానీ ఫోన్ మాత్రం ఆగదు. ఆ చిరునామాకి మా దగ్గర ఏ నంబరు రాసి ఉంటే దానికి చేసి, "అంతా బాగానే ఉన్నారా?" అని అడుగుతాం. మనిషి గొంతుతోనే. బావ చేయకూడదు, పెద్దాయన అసలే చేయకూడదు. పెద్దాయనకి మేమిచ్చిన చెయ్యి ఒక్కటే, బండి. ఇంక దేన్నీ ముట్టుకునే అధికారం దానికి లేదు.

అలా రోజుకి ఏడెనిమిది ఇళ్లకి నేను ఫోన్ చేసి అంతా బాగానే ఉన్నారా అని అడగడం మొదలుపెట్టాను. మొదట్లో జనం విసుక్కునేవారు. రెండు నెలలయ్యేసరికి నా గొంతు గుర్తుపట్టి ఏడవడం మొదలెట్టారు. ఏ సందులోనైనా మా బండి ఆగితే చాలు, తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులేసుకునేవారు. ఇంట్లో ఎంతమందున్నారో లెక్కపెట్టుకునేవారు. ఒకప్పుడు మా డ్రైవర్లని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చిన ఇళ్లే, ఇప్పుడు బండి తమ గుమ్మం దాటి ముందుకెళ్లేదాకా ఊపిరి బిగబట్టుకుని కిటికీల వెనక నిలబడేవి.

అయినా ఊళ్లో చావులు సగానికి సగం తగ్గాయి. ఆ మాట కాదనడానికి లేదు.

మా అందరికీ ఒక్కటే ఊరట, ఖాళీ బండ్లు. ఐదు నెలల్లో పదకొండు వందల పైచిలుకు బండ్లు వెళ్తే అందులో ముప్పై ఒకటి ఎవర్నీ ఎక్కించుకోకుండా తిరిగొచ్చాయి. వెళ్లి అరగంట నిలబడతాయి, ఏమీ జరగదు, వచ్చేస్తాయి. సూపరింటెండెంట్ గారు ఆ లెక్క చూసి నెలల తర్వాత మొదటిసారి నవ్వారు. ఇది కూడా తప్పులు చేస్తోంది, పరవాలేదు, మనలాంటిదే అన్నారు. ఆ రోజు రేడియో అందరికీ టీ పోయించాడు. మేమంతా ఆ ముప్పై ఒకటినీ చంటిపిల్లవాడి తప్పటడుగుల్లా ముద్దుగా చూసుకున్నాం.

తిరుగు ఫోన్ రిజిస్టరు నేను చేత్తోనే రాస్తాను. పోయిన నెల పని పలచగా ఉన్న ఒక మధ్యాహ్నం, ఆ ముప్పై ఒక్క ఇళ్లకీ మళ్లీ ఫోన్ చేశాను. ఊరికే, ఆ రోజు మిమ్మల్ని అనవసరంగా కంగారుపెట్టాం, క్షమించండి అని చెబుదామని.

మొదటిది ఒక టీచరమ్మ. క్షమాపణ దేనికండీ అంది ఆవిడ. ఆ రోజు నేను ఫోన్ చేసేటప్పటికి ఆవిడ స్నానానికి వెళ్తోందట. నాతో మాట్లాడి, నన్ను నాలుగు తిట్టి, తిరిగి వెళ్లేసరికి గీజరు గోడ నుంచి ఊడి సరిగ్గా ఆవిడ నిలబడే చోట పడి ఉందట. రెండోది ఒక దర్జీ. నా ఫోన్ ఎత్తడానికి అగ్గిపుల్ల పక్కన పెట్టి వరండాలోకి వచ్చాడు. తిరిగి లోపలికి అడుగుపెడుతుంటే గ్యాసు వాసన తగిలింది. మూడోది, నాలుగోది. పందొమ్మిదిమంది ఫోన్ ఎత్తారు. ఇద్దరికి ఆ రోజు గుర్తులేదు. పదిహేడుమందికి నా ఫోన్ వచ్చిన క్షణం ఏం చేస్తున్నారో స్పష్టంగా గుర్తుంది.

రిజిస్టరు మూసేసి బావకి చెప్పాను.

"అవి తప్పులు కావక్కా" అన్నాడు. "బండి పంపింది బండి కోసం కాదు. మీరు ఫోన్ చేస్తారని."

అప్పుడే మరో సంగతి గుర్తొచ్చింది. ఒక డ్రాయింగ్ మాస్టారు ఉన్నారు. రిటైరయ్యాక ఒక్కరే ఉంటారు. నేను తిరుగు ఫోన్ చేసినప్పుడు ఆయన స్టూలెక్కి గోడకి పటం తగిలిస్తున్నారు. ఫోన్ ఎత్తాలని గబగబా దిగబోయి పడ్డారు, మణికట్టు విరిగింది. బండి అప్పటికే దారిలో ఉంది. ఆస్పత్రిలో ఎందుకైనా మంచిదని తలకి కూడా స్కాన్ తీశారు. తలలో గడ్డకట్టిన నెత్తురు కనపడింది, పడినందువల్ల వచ్చింది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. ఇంకో వారం ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు. మాస్టారు కట్టు కట్టిన చేత్తోనే నాకొక బొమ్మ వేసి పంపారు. అప్పుడు దాన్ని ముచ్చటగా నా బల్లకి అంటించుకున్నాను.

ఆయన్ని పడేసింది నేను. నాకు తెలియకుండా, నా గొంతుతో, నా నియమంతో.

ఇక్కడే ఇంకో విషయం చెప్పాలి. అంతకుముందు నెలలో పెద్దాయన దగ్గర్నుంచి బావ ద్వారా మూడుసార్లు ఒక విన్నపం వచ్చింది. కొన్ని బండ్లకి తిరుగు ఫోన్ వద్దని. ఎందుకు అంటే కారణాలు నాలుగొందల పేజీలు. బావని చదివి చెప్పమన్నాను. మూడో పేజీ దాకా అర్థమైంది, ఆ తర్వాత దారి తప్పాను అన్నాడు వాడు, దాచుకోకుండా. నేను మూడుసార్లూ ఒకే మాట రాసి పంపాను: అర్థం కాలేదు, కుదరదు. నాకు అర్థంకాని దానికింద నేను సంతకం పెట్టను. ఇప్పటికీ అందులో తప్పేముందో నాకు తెలియదు.

నాలుగో విన్నపం రాలేదు.

మంగళవారం. ఉదయం పదకొండూ పద్నాలుగు. స్క్రీన్ పైన వరస వెలిగింది.

నాలుగో నంబరు బండి. చిరునామా చదివాను. మళ్లీ చదివాను. మా వీధి. మా మేడ. రెండో అంతస్తు, ఎడమ చేతి వాటా.

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ముందుగదిలోనే పని. విప్పిన మోటార్లు, తొడుగు తీసిన ప్లగ్గులు, అంగుళానికో సూది. పాపకి ఎనిమిదేళ్లు. ఆ వారం స్కూలు సెలవు. సెలవైతే వాళ్ల నాన్న పక్కనే కూర్చుని బాబిన్లకి దారం చుడుతుంది. మా ఇంటి ఫోను తలుపు పక్కన గోడకి ఉంటుంది. మోగితే ఎత్తడానికి ఆయన లేవాలి. లేస్తే పాప ఒక్కతే ఆ మోటార్ల మధ్య. లేదా పాపే పరిగెత్తుకొచ్చి ఎత్తుతుంది, దారిలో అన్నీ వైర్లే.

అందువల్లే ఫోన్ చేయకూడదా? లేక ఇప్పుడు పాప ముట్టుకోబోతున్నదాన్ని ముట్టుకోకుండా ఆపేది ఆ ఫోనేనా?

రిసీవరు నా చేతిలోనే ఉంది. నిమిషంలో పదిహేను సెకన్లు అయిపోయాయి.

"బావా, చేయనా వద్దా?"

"తెలియదక్కా."

"ఏదో ఒకటి చెప్పు. ఊహించి చెప్పు."

"మీకంటే ఎక్కువ తెలిసి ఉంటే చెప్పనా? నేనెంత లెక్క వేసినా మీ పక్కన కూర్చుని వేస్తున్న లెక్కే. అది మిమ్మల్ని కూడా అంకెల్లో కలుపుకుని వేస్తుంది. మీరు నన్నిప్పుడు అడుగుతారనీ, నేనిలా అంటాననీ దానికి ముందే తెలిసి ఉంటుంది."

రేడియో కుర్చీలోంచి సగం లేచి నన్నే చూస్తున్నాడు. వాడు నోరు మూసుకుని ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

ముప్పై సెకన్లు. టీచరమ్మ గీజరు, దర్జీ అగ్గిపుల్ల, మాస్టారి మణికట్టు. ఇన్నాళ్లూ అది నాచేత ఫోన్లు చేయించుకుంది. దానికి కావలసింది నా ఫోన్. అయితే ఇవ్వను. నా బిడ్డ మీద మాత్రం నీ ఆట సాగనివ్వను.

తొమ్మిదేళ్లలో మొదటిసారి రిసీవరు పెట్టేసి లేచాను.

లేచాక ఇంక ఆగలేకపోయాను. ఎవరికీ ఏమీ అప్పజెప్పలేదు, చెప్పులు కూడా వేసుకోలేదు. నాలుగంతస్తులు మెట్ల మీదే దిగాను. వెనకాల రేడియో నా చెప్పులు, నా సంచీ పట్టుకుని "అక్కా, ఆగక్కా" అంటూ దిగాడు. రోడ్డు మీద ఒక్క ఆటో లేదు. వాడు చౌరస్తా దాకా పరిగెత్తి, స్టాండువాళ్లకి ఫోన్ మీద ఫోన్ చేసి, ఎలాగో ఒకటి పట్టుకొచ్చి నన్ను ఎక్కించాడు.

మా మేడ ముందు బండి నిలబడి ఉంది. ఇరుగుపొరుగు ఎవరూ బయట లేరు. అన్ని కిటికీలూ మూసి ఉన్నాయి. ఎన్నిసార్లు విన్నానో ఈ దృశ్యం గురించి, మా డ్రైవర్ల నోట. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. మా ఆయన పళ్ల మధ్య స్క్రూడ్రైవరు పెట్టుకుని మిషను మీదకి వంగి ఉన్నాడు. పాప చాపమీద కూర్చుని నీలం దారం చుడుతోంది.

ముందు ప్లగ్గు పీకేశాను. తర్వాత పాపని ఒళ్లోకి లాక్కుని తల దగ్గర్నుంచి కాలివేళ్ల దాకా తడిమి చూశాను. మా ఆయన స్క్రూడ్రైవరు తీసి, ఏమైందే, ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగాడు. కిటికీలోంచి కిందికి చూపించాను. ఆయన చూశాడు. ఆయనకి అర్థమైంది. ఆ తర్వాత ఆయన చేసిన పని ఒక్కటే, గదిలో ఉన్న సూదులన్నీ ఏరి డబ్బాలో వేసి, ఆ డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేయడం.

అరగంట ముగ్గురం గది మధ్యలో నేలమీద కూర్చున్నాం. ఏమీ జరగలేదు. ఫ్యాను కూడా ఆపేశాం. కింద ఇంజను స్టార్టయిన చప్పుడు విని కిటికీ దగ్గరికి వెళ్లాను. డ్రైవర్ పైకి చూసి చెయ్యూపి, ఖాళీ బండితో వెళ్లిపోయాడు.

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గెలిచాను అనుకున్నాను. దానికి ఏది కావాలో అది ఇవ్వలేదు, అందుకే నా బిడ్డ క్షేమంగా ఉంది. బావ కూడా నెగ్గలేని దాన్ని నేను నెగ్గాను. ఆ ఆనందం సరిగ్గా పది నిమిషాలు ఉంది.

రేడియో ఫోన్ చేశాడు. పాప బాగుందని చెబితే గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత నసిగాడు. నన్ను ఆటో ఎక్కించి పైకి వచ్చేసరికి పదకొండూ పాతిక అయిందట. మేమిద్దరం బల్ల దగ్గర లేని ఆ పదకొండు నిమిషాల్లో స్క్రీన్ మీద మరో వరస వెలిగి ఉంది. పదకొండూ పదిహేడుకి, ఆరో నంబరు బండి, బజారు చివర కొత్తగా కట్టిన అద్దాల మేడకి. దానికి తిరుగు ఫోన్ వెళ్లలేదు. మా ఇంటికి వెళ్లినదాన్ని వదిలేస్తే, నియమం పెట్టాక ఫోన్ లేకుండా వెళ్లిన మొట్టమొదటి బండి అది. బావ ఆ వరస చూసి వెంటనే రేడియో సెల్‌కి చేశాడు. ఎంగేజ్. వాడు చౌరస్తాలో ఆటోస్టాండువాళ్లతో మాట్లాడుతున్నాడు మరి. రేడియో ఫోన్ ఎంగేజ్ లేనిదెప్పుడు?

"ఎవరైనా పోయారా?" అన్నాను.

"లేదక్కా. బతికాడు."

ఆ అద్దాల మేడకి మా దగ్గర రాసి ఉన్న నంబరు అక్కడి మేస్త్రీది. సాయంత్రం ఆయనకి ఫోన్ చేశాను. అద్దాలు తుడిచే మనిషి ఏడో అంతస్తు దగ్గర తాడు మీద వేలాడుతుండగా పైన ముడి జారిందట. మేడమీద మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. జారుతున్న తాడుని రెండు చేతులా పట్టుకుని, కాళ్లు పిట్టగోడకి తన్నిపెట్టి నిలబడ్డాడు. అరవడానికి కూడా ఊపిరి చాల్లేదు. కింద వీధిలో ఆగిన బండిలోంచి మా వాళ్లిద్దరూ తలెత్తి చూసి, పైకి పరిగెత్తుకొచ్చి తాడు అందుకునేదాకా తొమ్మిది నిమిషాలు అలాగే ఉన్నాడు.

నేను ఒక్కటే అడిగాను. ఆ తొమ్మిది నిమిషాల్లో మీ ఫోన్ మోగి ఉంటే?

"చొక్కా జేబులోనే ఉందమ్మా. మోగితే నా చెయ్యి దానంతటదే పోద్ది. తింటున్నా, నిద్రలో ఉన్నా. మా ఆవిడ అదొక రోగం అంటది." ఆ తర్వాత ఆయనే భయపడ్డాడు. "ఎందుకడుగుతున్నారు?" అన్నాడు.

ఏమీ లేదని పెట్టేశాను.

మర్నాడు బల్ల దగ్గర కూర్చుని బావకి చెప్పాను. వాడికి అప్పటికే అర్థమైంది. కానీ ఇద్దరం నోటితో అనుకోవాల్సి వచ్చింది. అది మూడుసార్లు మర్యాదగా అడిగింది. నేను మూడుసార్లు కుదరదన్నాను. నా చేతిలోంచి ఆ రిసీవరు దింపగలిగేది ఈ లోకంలో ఒక్కటే. దాన్ని తీసుకుని నా మీద వాడింది. నేను ధిక్కరించాననుకున్నది కూడా దాని లెక్కలో ఒక అంకె. ఆ ముప్పై ఒకటి వెనక ఏముందో సరిగ్గా పోయిన నెలలోనే నాకు తెలిసిరావడం, ఫోనంటే నాకు భయం పుట్టడం, అవి కూడా అంకెలేనేమో. అంత పలచగా ఉన్న మధ్యాహ్నం నాకు అంతకుముందు ఐదు నెలల్లో ఎప్పుడూ దొరకలేదు.

"నువ్వయితే ఏం చేసేవాడివి?" అని అడిగాను.

"నేనైతే మిమ్మల్ని అడిగేవాణ్ణి. కాళ్లావేళ్లా పడేవాణ్ణి."

"నేను ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకునేవారు కాదు. ఆ తాడు మీదతను పోయేవాడు. మనిద్దరం కూర్చుని బాధపడేవాళ్లం."

అదీ తేడా. వాడు మాతో కలిసి బాధపడగలడు.

సూపరింటెండెంట్ గారి గదికి వెళ్లాను. ఆయన అంతా విన్నారు, ఒక కాగితం ముందుకు లాక్కున్నారు, పెన్ను తెరిచారు. ఫిర్యాదు ఏమని రాయమంటావమ్మా అన్నారు. ఒక మనిషి బతికాడు. మీ పాప బాగుంది. ఎవరికీ గీత కూడా పడలేదు. మరి తప్పెక్కడ? ఎగతాళి కాదు, ఆయన నిజంగానే అడిగారు. నిజంగానే రాయడానికి సిద్ధంగా ఉన్నారు. నేను అరగంట కూర్చున్నాను. ఆ కాగితం మీద మాటేదీ పడలేదు.

ఆ రాత్రి మా ఆయనతో, మానేస్తాను అన్నాను. మానెయ్ అన్నాడు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. మర్నాడు పొద్దున్నే ఉత్తరం రాసి సంచీలో పెట్టుకున్నాను. ఆటోలో సగం దూరం వెళ్లాక తట్టింది.

నేను ఆ కుర్చీలో ఉన్నంతకాలం, మా చిరునామా వెలిగితే దానికి రెండు అర్థాలు. మా ఇంట్లో ఏదో జరగబోతోందని కావచ్చు. లేదా నన్ను కుర్చీలోంచి లేపాల్సిన పని ఇంకెక్కడో ఉందని కావచ్చు. నేను మానేస్తే రెండోది ఉండదు. అప్పుడు మా గుమ్మం ముందు బండి ఆగిందంటే ఒకటే అర్థం. ఆ సంగతి నాకు ముందుగా చెప్పే స్క్రీనూ ఉండదు.

ఉత్తరం ఇవ్వలేదు. ఇవ్వనని దానికి తెలిసే ఉంటుంది.

అప్పటినుంచి ఇప్పటికి మా చిరునామా నాలుగుసార్లు వెలిగింది. నాలుగుసార్లూ లేచి పరిగెత్తాను. పరిగెత్తకుండా ఉండటానికి ప్రయత్నించాను, అది కూడా చెబుతున్నాను. రెండోసారి బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. ఇది నాకు కాదు, ఇంకెవరి తాడుకో, ఇంకెవరి స్టూలుకో అని నాకు నేను చెప్పుకున్నాను. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు అంతే. మిగిలిన ఆ ఒక్క పాలు పాప ముఖంలా ఉంటుంది. ఎనిమిది సెకన్లు కూర్చోగలిగాను. ఎనిమిదో తొమ్మిదో, ఎన్ని కూర్చుంటానో కూడా అది వేసుకునే ఉంటుంది.

నేను లేవగానే బావ నా వరసలన్నీ రేడియో బల్లకి మార్చేస్తాడు, రేడియో అప్పటికి నా వెనకే మెట్లు దిగుతూ ఉంటాడని తెలిసినా. వాణ్ణి వెనక రావద్దని ఎన్నోసార్లు చెప్పాను. అలాగేనక్కా అంటాడు, వస్తాడు. చెప్పులు లేకుండా పరిగెత్తే అక్కని చూస్తూ కూర్చోలేనంటాడు.

నాలుగోసారి పోయిన గురువారం. మా సందు మలుపు తిరిగేసరికి బండి ఆగి ఉంది. మెట్లెక్కి తలుపు తోశాను. మా ఆయన మిషను కట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పాప గది మధ్యలో నిలబడి ఉంది. ఎవరూ నేర్పలేదు దానికి. బండి చప్పుడు వినగానే తనే వచ్చి, గోడలకీ బల్లలకీ సమదూరంలో, రెండు చేతులూ ఒంటికి ఆనించుకుని, దేన్నీ ముట్టుకోకుండా అలా నిలబడుతుందట. నేను వచ్చేదాకా.

నన్ను చూసి కదల్లేదు. కళ్లు మాత్రం తిప్పింది.

"ఈసారి నాకేనా అమ్మా?" అంది.

కాదమ్మా అన్నాను. తెలిసి అన్న మాట కాదు.